వదిలేసిన వాక్యం

1988 నవంబరు 13, ఆదివారం

ఈరోజు చర్చి కూడికలో ఒక వాక్యం వదిలేశాను.

మద్రాసు నుంచి వచ్చిన ప్రసంగికుడు ఇంగ్లీషులో మాట్లాడాడు. పక్కన నిలబడి తెలుగులో చెప్పింది నేనే. పద్దెనిమిదేళ్లుగా ఈ బెంగాలీల ఊళ్లో మా తెలుగు సంఘానికి ఎవరొచ్చి ఏ భాషలో మాట్లాడినా తెలుగు చేసేది ఈ విల్‌ఫ్రెడే. రైల్వే షెడ్డు ఆఫీసులో హెడ్ క్లర్కుని, చర్చిలో డీకన్ని. రెండు చోట్లా నా పని మాటలతోనే.

ఆయన పశ్చాత్తాపం గురించి చెప్పాడు. ఏడవడం పశ్చాత్తాపం కాదు, వెనక్కి తిరగడం అన్నాడు. చెప్పాను. దారి తప్పిన చోటిదాకా నీ కాళ్లతో నువ్వే నడవాలి, దేవుడు తోడు వస్తాడుగాని నీ కాళ్లు ఆయన కదపడు అన్నాడు. అదీ చెప్పాను. బాగా చెప్పాను కూడా, ఆడవాళ్ల వైపు నుంచి ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. ఆ తర్వాత ఆయన రెండు మాటలు కలిపి అన్నాడు. నా నోట్లోంచి రెండోది మాత్రమే వచ్చింది.

ఎవరూ గమనించలేదనుకున్నాను. న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరుకు నడిచి వస్తుంటే మా అమ్మాయి రూతు అంది:

"నాన్నా, మధ్యలో ఒకటి వదిలేసినావు."

"ఏది?"

"నువ్వొక మనిషికి అన్యాయం చేసి ఉంటే, దేవుడి దగ్గర ఏడ్చే ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లు అన్నాడు కదా ఆయన. నువ్వు చెప్పలేదు."

కాన్వెంటులో పదకొండో తరగతి. దీనికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు.

"నోరు జారుంటుందే" అన్నాను.

జారలేదు. ఇంతకుముందు కూడా ఒకసారి వదిలేశాను. అప్పుడూ జారలేదు. ఈ సంగతి రాసుకుంటే తేలికవుతుందేమోనని రూతు వాడకుండా వదిలేసిన నోటుబుక్కు తీసుకున్నాను.

నవంబరు 14

రాద్దామనుకున్నది రాయలేదు. ఆఫీసులో పని ఎక్కువైంది.

నవంబరు 17, గురువారం

రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

1983 ఆగస్టు. షెడ్డులో చక్రాల జత ఎత్తుతుంటే క్రేను గొలుసు తెగింది. కింద ఉన్న దేముడు అనే కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఆరేళ్లవాడు. గొలుసు కట్టింది అప్పలకొండ. దేముడు అప్పలకొండకు బావమరిది, భార్య సింహాచలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి వాడిని పిలిపించి షెడ్డులో పనికి పెట్టించింది అప్పలకొండే.

ఎంక్వైరీకి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. ఆయనకు తెలుగు రాదు. అప్పలకొండకు బజారు హిందీ వచ్చుగాని ఆరోజు వణికిపోతున్నాడు, తెలుగు తప్ప నోట్లోంచి ఏమీ రావడం లేదు. నన్ను పిలిచి ఇంగ్లీషులో చెప్పమన్నారు.

అతను చెప్పింది మూడు మాటలు. ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"గొలుసు బీటిచ్చినాది, సూసినాను. పోర్‌మేను సాబుకి సెప్పినాను, ఏటీ కాదు ఎత్తు అన్నారు. ఎత్తినాను."

నేను ఇంగ్లీషులో చెప్పింది రెండు. గొలుసు బీట ఇవ్వడం చూశాను. ఎత్తాను.

"అంతేనా?" అని ఆఫీసరు నన్ను అడిగాడు.

"అంతే సార్" అన్నాను.

ఫోర్‌మన్ రిచర్డ్ బావ. నా భార్య జ్ఞానరత్నానికి సొంత అన్నయ్య. మా సంఘంలో పెద్ద. నాకు ఈ ఉద్యోగం చెప్పి వేయించినవాడు. ఆరోజు పొద్దున్నే మా క్వార్టరుకు వచ్చి టీ తాగాడు. ఏమీ అడగలేదు. లేచి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

అప్పలకొండను ఉద్యోగంలోంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చేయించారు.

నేను అబద్ధం చెప్పలేదు. చెప్పిన రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పలేదు.

నవంబరు 26, శనివారం

గోల్‌బజారులో అప్పలకొండ కనిపించాడు. బియ్యం కొట్టు ముందు లారీలోంచి బస్తాలు దించుతున్నాడు. యాభై ఆరేళ్లుంటాయి. తప్పించుకుని వెళ్లిపోదామనుకునే లోపు అతనే బస్తా దించేసి వచ్చాడు.

"ఏటి బాబూ, బాగున్నారా? అమ్మాయిగోరు సదువుకుంటన్నారా?"

బాగున్నామన్నాను. నువ్వెలా ఉన్నావన్నాను.

"ఏటుంటాను? తాల్‌బగీచాలో ఒక గది. మా అత్త జోగమ్మ మాతోనే ఉంటాది. ఒక్క కొడుకు పోయినాడు, ఇంకెక్కడికెల్తాది? ఐదేళ్లయిపోనాది బాబూ, నా సేత్తో మంచినీళ్లిచ్చినా తాగదు. బీటని తెలిసీ ఎత్తినావు, నా కొడుకుని సంపీసినావు అంటాది. సాబుకి సెప్పినానే అత్తా అంటాను. సెప్పుంటే కాయితంలో ఉండదేటి అంటాది."

నేను బస్తాల వైపు చూస్తున్నాను.

"మీరు మటుకు ఆరోజు నా తరపున సానా బాగా మాటాడినారు" అన్నాడు. "ఆ సాబే నమ్మలేదు. పోన్లెండి. నుదుట ఎలా రాసుంటే అలాగవుతాది."

వెళ్లి మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు. బీరకాయలు కొనడానికి వెళ్లి కొనకుండా వచ్చేశాను. జ్ఞానరత్నం అడిగితే బాగాలేవని చెప్పాను.

డిసెంబరు 4

మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. ఈ పొద్దున ప్రార్థనలో ఎన్నడూ ఏడవనంతగా ఏడ్చాను. లేచేసరికి గుండెలోంచి బండరాయి దింపినట్టుంది. ప్రభువు విన్నాడు. ఇది నాకూ ఆయనకూ మధ్య సంగతి. ఆయన క్షమించాక దాన్ని మళ్లీ తవ్వుకోవడం అవిశ్వాసమే అవుతుంది.

ఈ పుస్తకం ఇక అక్కర్లేదు.

డిసెంబరు 11, ఆదివారం

ఆరాధన అయ్యాక మా పాస్టరు తీతు అయ్యగారు ఆపారు. ఈస్టరుకి బాప్తిస్మం తీసుకునేవాళ్ల పేర్లు రాసుకుంటున్నారట. డీకను ఇంటి పిల్ల, పదిహేడేళ్లొచ్చాయి, రాసుకోండి అన్నాను. అయ్యగారు నవ్వి, "అమ్మాయిని అడిగారా?" అన్నారు.

భోజనాల దగ్గర అడిగాను. అడగడమేమిటి, చెప్పాను.

రూతు అన్నం కలుపుతూ ఆగింది. "ఇప్పుడు కాదు నాన్నా."

"ఎందుకు కాదు?"

"నాకు ఇంకా అనిపించలేదు. అందరూ తీసుకుంటున్నారని నీళ్లలోకి దిగితే బట్టలు తడుస్తాయంతే."

"మీ నాన్న పరువేం కావాలే?" అంది జ్ఞానరత్నం.

"నాన్న బలవంతం మీద తీసుకుంటే అది నాన్న బాప్తిస్మమే అవుద్ది. నాది కాదు." తర్వాత నా వైపు చూసి మెల్లగా అంది, "నువ్వే కదా తెలుగులో చెప్పినావు. దేవుడే మన కాళ్లు కదపడని."

కొట్టబోయాను. చెయ్యి లేచింది కూడా. పదిహేడేళ్ల పిల్ల మీదికి.

నేను మోకరించి దింపేశాననుకున్న బండరాయి ఎక్కడికీ పోలేదు.

డిసెంబరు 25

క్రిస్మస్. ఉదయం ఆరాధనలో ప్రార్థన నేనే చేశాను. మంచి ప్రార్థన అన్నారు అందరూ. రిచర్డ్ బావ కౌగిలించుకున్నాడు.

1989 జనవరి 8, ఆదివారం

తీతు అయ్యగారి ఇంటికి వెళ్లాను. నా స్నేహితుడొకడి సంగతని మొదలుపెట్టి చెప్పాను. పేర్లు చెప్పలేదు, ఊరు కూడా మార్చాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"ఆ స్నేహితుడు దేవుడి దగ్గర ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడండి. ఉపవాసం ఉండి ఏడ్చాడు."

"మరి నెమ్మది దొరకలేదా?"

"ఒక వారం దొరికిందండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. వాళ్లావిడ ఎలీసమ్మగారు టీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్లాక అన్నారు:

"విల్‌ఫ్రెడ్ గారూ, క్షమించడం దేవుడి పని. అందులో అనుమానం లేదు. కానీ ఆ పనివాడి ఉద్యోగం, ఇంట్లో వాడి మాట పోయాయే, అవి మీ స్నేహితుడి దగ్గర ఉండిపోయాయి. వేరేవాళ్ల సొత్తు చేతిలో పట్టుకుని క్షమించు క్షమించు అంటే ఆయన మాత్రం ఏమంటాడు? ముందు అది ఇచ్చి రా అంటాడు."

"ఇవ్వకపోతే?"

"ఆయన బలవంతం చెయ్యడు. అదే భయం వేసే సంగతి. చివరిదాకా ఊరుకోగలడాయన."

లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చారు. "మీ స్నేహితుడితో చెప్పండి. ఎప్పుడు రావాలనుకున్నా నేను ఇంట్లోనే ఉంటానని."

ఆయనకు తెలిసిపోయింది.

జనవరి 10

జ్ఞానరత్నానికి చెప్పాను. అంతా కాదు. చాలావరకు.

ఆమె ఏడవలేదు. బఠానీలు ఒలవడం ఆపలేదు. "అన్నయ్య మార్చి ముప్పై ఒకటికి రిటైరైపోతాడు. రెండున్నర నెలలు. ముప్పై ఆరేళ్ల సర్వీసు మీద చివర్లో మట్టి కొడతారా? ఐదేళ్లు ఆగినవాళ్లు రెండు నెలలు ఆగలేరా?"

"అప్పలకొండ..."

"అతను ఎక్కడికి పోతాడండీ? ఏప్రిల్లో చెప్పండి. నేనూ వస్తాను మీతో. కావాలంటే అతని కాళ్లు నేనే పట్టుకుంటాను."

న్యాయంగానే ఉంది. అందరికీ మంచిది. చెప్పనని కాదు కదా. ఏప్రిల్ ఒకటి, శనివారం. తేదీ పెట్టుకున్నాను. తేదీ పెట్టుకోవడమంటే సగం పని అయినట్టే.

జనవరి 22

ఎనభై రోజుల పైచిలుకులో పన్నెండు అయిపోయాయి. నిద్ర పడుతోంది.

ఫిబ్రవరి 19, ఆదివారం

జోగమ్మకు బాగాలేదట. షెడ్డులో ఎర్రయ్య చెప్పాడు. వాళ్ల వీధే అతనిది. పది రోజుల నుంచి మంచం దిగడం లేదట.

భోజనం కాగానే సైకిలు తీసి తాల్‌బగీచా వెళ్లాను. వీధి మొగదల కొళాయి దగ్గర దిగాను. నాలుగో గది అన్నాడు ఎర్రయ్య. గుమ్మంలో నులకమంచం కనిపిస్తోంది. మంచం మీద పెద్దావిడ ఎండకు తిరిగి పడుకుని ఉంది. పక్కన అప్పలకొండ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీ సేత్తో నాకొద్దు అంటూ ఆమె మొహం గోడకు తిప్పేసుకుంది. అతను చెంబు లోపలికి తీసుకుపోయాడు. సింహాచలమ్మ వచ్చి అదే చెంబుతో తాగించింది.

పదిహేను అడుగుల దూరం ఉంటుంది. నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ఎవరు కావాలి దాదా అని బెంగాలీలో అడిగారు. ఎవరూ వద్దన్నాను.

నలభై రోజులే. పెద్దావిడ గట్టిదే, మాట స్పష్టంగా వినిపించింది.

ఫిబ్రవరి 26

వెళ్లలేదు. జలుబు.

మార్చి 7, మంగళవారం

జోగమ్మ నిన్న సాయంత్రం పోయింది.

మార్చి 8

ఉన్నది ఉన్నట్టు రాస్తానని నవంబరులో రాశాను. రాయలేదు.

ఎంక్వైరీలో నేను వదిలింది ఒక్క మాటే. అది నిజం. కానీ తర్వాత స్టేట్‌మెంటు టైపు చేశారు, ఇంగ్లీషులో. వేలిముద్ర వేసేముందు అతనికి తెలుగులో చదివి వినిపించమన్నారు. నేను కాగితం పట్టుకుని చదివాను. కాగితంలో లేని ఆ మాటను కూడా కలిపి చదివాను. పోర్‌మేను సాబుకి చెప్పాను, ఎత్తమన్నారు అని, అతను చెప్పిన చోటనే చేర్చి. అతను తల ఊపి, వేలు సిరాలో ముంచి అద్దాడు.

వదిలెయ్యడం ఒక్క క్షణంలో అయిపోయింది, భయంతో చేశానని సరిపెట్టుకోవచ్చు. ఇది అలా కాదు. కాగితం మీద లేని చోట ఆగి, ఊపిరి తీసుకుని, చదివాను. గొంతు వణకలేదు.

ఎవరూ నన్ను చెయ్యమనలేదు. బావ అడగలేదు. సైతాను మీద పెట్టడానికి చూశాను ఈ నాలుగు నెలలూ, అదీ కుదరడం లేదు. నేనే ఎంచుకున్నాను. ఫిబ్రవరి పంతొమ్మిదిన కొళాయి దగ్గర కూడా నేనే ఎంచుకున్నాను.

మార్చి 12, ఆదివారం

ఆరాధనకు వెళ్లలేదు. చర్చి గంట వినిపిస్తుండగా సైకిలు తాల్‌బగీచా వైపు తిప్పాను. జ్ఞానరత్నానికి చెప్పే బయల్దేరాను. "వెళ్తే ఈ ఇంట్లో నేనుండను" అంది. వెళ్లాను.

అప్పలకొండ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. లేచి లోపలి నుంచి పీట తెచ్చి వేశాడు. కూర్చోలేదు.

"మా అత్త పోనాది బాబూ" అన్నాడు. "మా వోళ్లు నన్ను పాడె ముట్టుకోనివ్వలేదు. సంపినోడే మొయ్యాలేటి అన్నారు. ఎనకాల నడిసినాను."

"అప్పలకొండా, నీకొక మాట చెప్పాలి. మీ ఆవిడ కూడా వినాలి."

సింహాచలమ్మ లోపలి నుంచి వచ్చి గడప పట్టుకుని నిలబడింది. దారిలో అనుకున్నవేవీ నోటికి రాలేదు. తిన్నగా చెప్పేశాను.

"ఎంక్వైరీ రోజు ఫోర్‌మన్‌కి చెప్పానని నువ్వన్న మాట నేను సాహెబుకు చెప్పలేదు."

అతనికి అర్థం కాలేదు. "ఏ మాట బాబూ? అది మీరు సదివినారు కదా. ఏలిముద్ర ఏసే ముందర నా సెవుల్తో ఇన్నాను. ఉంది అందులో."

"కాగితంలో లేదు. నేను నోటితో కలిపి చదివాను. నీకు తెలియకూడదని."

అతను నన్ను చూస్తూనే ఉన్నాడు. ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు:

"అయితే సాబు ఇన్నేదా. ఇనీ నమ్మలేదనుకున్నాను నాను. ఐదేళ్లూ ఆ సాబుని తిట్టుకున్నాను. ఆయనకి అసలు తెలీనే తెలీదు."

గుమ్మం మెట్టు మీద చతికిలబడ్డాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. తలకు చుట్టిన తువ్వాలు విప్పి మొహం మీద కప్పుకున్నాడు.

సింహాచలమ్మ గడప దిగింది.

"ఇంకోసారి సెప్పండి."

చెప్పాను.

"గట్టిగా సెప్పండి. ఈది ఇనాల. మా ఆయన్ని పాడె ముట్టుకోవద్దన్న మా వోళ్లు ఇనాల." ఎర్రయ్య ఇంటి వైపు తిరిగి కేకేసింది. తలుపులు తెరుచుకున్నాయి. కొళాయి దగ్గర బిందెలు ఆగాయి. ఇరవైమంది దాకా పోగయ్యారు, తెలుగువాళ్లు, బెంగాలీలు. వీధి మధ్యలో నిలబడి చెప్పాను. గొలుసు బీటిచ్చిందని అప్పలకొండ చూశాడు, ఫోర్‌మన్‌కి చెప్పాడు, ఫోర్‌మన్ ఎత్తమన్నాడు, ఎత్తాడు, ఆ మధ్య మాట నేను మింగేశాను, దేముడి చావులో అప్పలకొండ తప్పు లేదు. బెంగాలీలో కూడా చెప్పమన్నారు. చెప్పాను.

సింహాచలమ్మ అప్పుడు ఏడ్చింది.

"ఆరు దినాలు బాబూ. ఆరు దినాల ముందరొస్తే మా అమ్మ ఇని సచ్చేది. ఒక్క గుక్క నీళ్లు ఆ మడిసి సేత్తో తాగి సచ్చేది. మీకు ఆమెకి బాగునేదని తెలీదేటి?"

తెలియదని అనడానికి వీలుంది. అక్కడ నన్ను పట్టుకునేవాళ్లెవరూ లేరు.

"తెలుసమ్మా. పోయిన నెల పంతొమ్మిదో తారీకున వచ్చాను. అదిగో ఆ కొళాయి దగ్గరిదాకా. చూసి వెనక్కి వెళ్లిపోయాను."

ఆమె ఏడుపు ఆగిపోయింది. కన్నీళ్లు తుడుచుకోకుండా నా మొహంలోకి చూసింది.

"మీ యేసుబాబు మిమ్మల్ని మన్నిత్తాడేమో. నాను మన్నించను."

క్షమించమని అడగడానికే వెళ్లాను. అడగలేదు. అడిగితే వాళ్ల దగ్గర ఇంకొకటి లాక్కున్నట్టవుతుంది. రేపు ఆఫీసులో రాసిస్తానని చెప్పి సైకిలు తీసుకున్నాను. అప్పలకొండ తువ్వాలు తియ్యలేదు.

మార్చి 13

రాసిచ్చాను. రెండు పేజీలు. చదివినప్పుడు కలిపిన సంగతి కూడా. ఇప్పుడున్న ఆఫీసరు రెండుసార్లు చదివి, "మిస్టర్ విల్‌ఫ్రెడ్, దీన్ని ఇప్పుడే చింపేసి బయటికి వెళ్లవచ్చు, నేను చూడలేదనుకుంటాను" అన్నాడు. మంచిమనిషి. నా మేలు కోరే అన్నాడు.

వద్దు సార్ అన్నాను.

మార్చి 15

జ్ఞానరత్నం సుభాష్‌పల్లిలో రిచర్డ్ బావ ఇంటికి వెళ్లిపోయింది. రూతు వెళ్లలేదు. అన్నం మాడ్చింది. ఇద్దరం తిన్నాం.

మార్చి 18

బావ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒక్క వారంలో పదేళ్లు మీద పడ్డాయి.

"నేను నిన్ను ఏమన్నా అడిగినానా విల్‌ఫ్రెడ్? ఒక్క మాట చెప్పు. నోరు తెరిచి అడిగినానా?"

"లేదు బావా. నువ్వు అడగలేదు."

"మరి నన్నెందుకు ముంచినావు?"

"గొలుసు సంగతి నీది. మాట సంగతి నాది. నాది నేను రాశాను. నీది నీ దగ్గరే ఉంది."

అలా అనకుండా ఉండాల్సింది. ఆ చివరి మాటలో కాస్త గర్వం ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరోజు నా భుజం మీద వేసిన చెయ్యి ఇప్పుడు తలుపు చెక్కను పట్టుకుని ఉంది. నేను ఐదేళ్ల కిందటే నిజం చెప్పి ఉంటే ఈయన అప్పుడే శిక్ష అనుభవించి, అప్పుడే తేరుకుని, ఈపాటికి నెమ్మదిగా ఉండేవాడు. ఈయనకు కూడా నేను మేలు చెయ్యలేదు.

ఏప్రిల్ 2, ఆదివారం

పోయినవారం ఈస్టరు. తీతు అయ్యగారికి ముందే చెప్పి డీకను పని మానుకున్నాను. అంతా చెప్పాను, స్నేహితుడి పేరుతో సహా. ఆయన ఆశ్చర్యపోలేదు. నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. సంఘంలో సగంమంది నాతో మాట్లాడటం లేదు. నిజం చెప్పినందుకు కొందరు, ఇన్నాళ్లూ చెప్పనందుకు కొందరు.

ఈస్టరు రోజున తొమ్మిదిమంది బాప్తిస్మం తీసుకున్నారు. రూతు వాళ్లలో లేదు. ఎప్పుడు తీసుకుంటావని నేను అడగలేదు. ఇకముందు అడగను.

నన్ను సస్పెండ్ చేశారు. బావ రిటైర్‌మెంటు కాగితాలు ఆపారు.

మే 21

జ్ఞానరత్నం తిరిగొచ్చింది. సంచి లోపల పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఇద్దరం మార్చి నెల గురించి మాట్లాడుకోలేదు.

1990 జనవరి 30

నా మీద ఎంక్వైరీ అయిపోయింది. రెండు మెట్లు దింపి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఇరవై ఏళ్ల కిందట చేరినప్పుడు కూర్చున్న బల్ల దగ్గర్లోనే ఇప్పుడు నా సీటు. కొత్త హెడ్ క్లర్కు నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. లేచి నిలబడబోయాడు, వద్దన్నాను.

రిచర్డ్ బావ కూడా చివరకు ఒప్పుకున్నాడు. తన చేత్తోనే రాసిచ్చాడట. నాతో చెప్పలేదు, జ్ఞానరత్నం చెప్పింది. ఆయన మాతో మాట్లాడడు. ఆయనకు రావలసిన వాటిలో కోత పెట్టారు.

తెల్లవారుజామున మోకరిస్తే అప్పట్లా కన్నీళ్లు రావడం లేదు. గుండె తేలికపడటమూ లేదు. దేవుడు దూరంగా లేడు, అంతవరకు తెలుస్తోంది. జోగమ్మ మొహం గోడకు తిప్పుకోవడమూ కనిపిస్తోంది. రెండూ ఒకేసారి ఉంటున్నాయి. ఒకటొస్తే ఇంకొకటి పోతుందనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆగస్టు 19, ఆదివారం

మధ్యాహ్నం అప్పలకొండ వచ్చాడు. ఏడాదిన్నర తర్వాత ఇదే చూడటం. తెల్ల చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గరే ఆగాడు.

"కాయితం వొచ్చినాది" అన్నాడు.

జేబులోంచి తీశాడు. ఆర్డరు వచ్చే సంగతి ఆఫీసులో విన్నాను, చూడలేదు. అలవాటుగా చెయ్యి చాపాను. అతను ఇవ్వలేదు. మడత విప్పకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"మీరు సదవక్కర్లేదు. పోస్టుమేస్టరు దాదా సదివినాడు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నన్ను తీసీసిన ఆర్డరు రద్దు సేసినారంట. తప్పు నాది కాదని రాసినారంట. వయసైపోనాది, మళ్లీ పనిలోకి తీసుకోరు, రిటైరైనట్టు రాసినారు. పింఛను వొస్తాది. మీరు వీదిలో సెప్పినప్పుడు మా వోళ్లు సగంమందే నమ్మినారు. కాయితం రావాలన్నారు. ఇప్పుడొచ్చినాది."

"మంచిది అప్పలకొండా."

"సింహాచలం ఊరుకోనేదు. పోస్టుమేస్టరు దాదాని ఇంటికి పిలిసినాది. మా అత్త మంచం ఉండేది సూడండి, ఆ గుమ్మంలో నిలబెట్టి పెద్దగా సదివించినాది. ఇంగ్లీసులో ఓపాలి, బంగ్లాలో ఓపాలి. మా అత్తకి ఇనపడాలంట. అయితే మా అత్తకి బంగ్లా అంతబాగా రాదు కదా. అందుకని దాదా ఒక్కొక్క మాటా ఇడమరిసి సెప్తుంటే, తెలుగులో నాను సెప్పినాను."

"నువ్వా?"

"నానే. ఒక్క మాటా ఒగ్గలేదు."

కాగితం జేబులో పెట్టుకుని, పైన చెయ్యి ఆనించి చూసుకుని, వెళ్లిపోయాడు. క్షమించానని అనలేదు. వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా బాబూ అని పిలవలేదు.

లోపలికొచ్చి మోకరించాను. ఈరోజు ఆయన్ను ఏమీ అడగలేదు.